కాశికి పోయి తిరిగివచ్చిన వీరాస్వామయ్య

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటేయని పూర్వము తెలుగునాట సామెత యుండెను. ఇది వేళాకోళమునకు పుట్టిన మాట కాదు. రైలుబండి లేని దినములలో ఉత్తరదేశయాత్రకు పోవువాడు పొలము పుట్ర బిడ్డల కప్పగించి, అప్పులు తీర్చి, చుట్టపక్కములకు చెప్పవలసిన మాటలన్నియు చెప్పి గడప దాటెడివాడు. త్రోవలో అడవులు, పొంగిన వాగులు, దారిదోపిడి, వాంతిభేది. పోయినవారిలో పలువురు తిరిగి రాలేదు. వచ్చినవారు తాము చూచినది ఇరుగుపొరుగులకు చెప్పుకొనిరే గాని వ్రాసి యుంచలేదు. అట్టి కాలమున ఇంచుమించు నూరుమంది పరివారముతో చెన్నపట్టణము నుండి కాశికి పోయి, గంగపై పడవలలో పయనించి, పదునైదు నెలలు దాటిన పిమ్మట మరల ఇల్లు చేరి, దారిపొడుగున చూచిన విశేషములను ఎప్పటికప్పుడు కాగితముపై పెట్టిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన గ్రంథమగు కాశీయాత్ర చరిత్ర తెలుగు వచనమున తొలి యాత్రాచరిత్రగా ప్రసిద్ధి కెక్కినది.

వీరాస్వామయ్య రమారమి 1780 ప్రాంతమున చెన్నపట్టణమున జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయెను. ఇంటి భారము నెత్తిన పడిన బాలునకు ఆనాడు రెండే త్రోవలు: కులవిద్యను నమ్ముకొని దాతల నాశ్రయించుట ఒకటి, కుంపిణీవారి కచేరీలలో ప్రవేశించుట రెండవది. ఆయన రెండవ త్రోవను పట్టెను. నేటివలె ఊరూర ఇంగ్లీషు పాఠశాలలు లేవు, నిఘంటువులు లేవు, బోధించు గురువులును అరుదు. అయినను పిన్నవయసుననే స్వయంకృషిచే ఆ భాషను వశపరచుకొని, క్రమముగా పైకివచ్చి, చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసిగా నియుక్తుడయ్యెను. ఆ న్యాయస్థానము 1801లో ఏర్పడినది. అచట న్యాయాధిపతులకు ఈ దేశపు భాషలు రావు. వాదిప్రతివాదులకు ఇంగ్లీషు రాదు. నడుమ నిలిచి ఒకరి మాట నొకరికి తెలుపువాడు దుబాసి.

ఈ ఉద్యోగముయొక్క స్వభావమును మన విద్యార్థులు కొంచెము యోచింపవలెను. దుబాసి తన యభిప్రాయమును చెప్పరాదు. సాక్షి చెప్పినదానికి ఒక మాట కలుపరాదు, ఒక మాట తీయరాదు. ఒక్క పదము తారుమారైనచో ఒకని ఆస్తి పోవచ్చును, మరియొకని ప్రాణమే పోవచ్చును. ఏండ్ల తరబడి ఈ పని చేసిన మనుష్యునకు ఎదుటివాడు చెప్పునది శ్రద్ధగా వినుట, విన్నదానిని ఉన్నదున్నట్లు చెప్పుట అను రెండు గుణములు నరనరమున జీర్ణించియుండును. వీరాస్వామయ్య యాత్రకు మూటగట్టుకొనిపోయిన సామగ్రిలో విలువగలది ఇదియే.

1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన, వికృతినామ సంవత్సరమున, ఆయన చెన్నపట్టణము విడిచెను. అప్పటికాయనకు ఏబది యేండ్లు. కుటుంబము, బంధువులు, పరిచారకులు, పల్లకీ మోయు బోయీలు, డేరాలు మోయువారు, అందరును కలిసి నూరుమందికి ఇంచుమించుగా ఉండిరి. ఇంతమంది కదలుట యనగా ఒక చిన్నయూరు కాళ్ళు మొలచి నడచినట్లే. ప్రతిదినము మజిలీ యెచటనో ముందుగా నిర్ణయింపవలెను. అచట త్రాగునీరున్నదా, బియ్యము పప్పు దొరకునా, దిగుటకు నీడ గలదా, ముందున్న వాగు దాట శక్యమా, ఇవన్నియు విచారింపవలెను. ఒక్కరికి జ్వరము తగిలినను అందరును ఆగవలెను. ఆ పరివారము క్షేమముగా తిరిగిరావలెనన్న భారము ఆయన భుజములపై నుండెను. కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి దూరమెంత, అంగళ్ళు గలవా లేవా, బావులు చెరువులు ఎట్టివి, భూమి యెట్టిది, ఇండ్లు దేనితో కప్పుదురు అని పదే పదే కనబడును. కథలు కోరువారికి అది విసుగు పుట్టింపవచ్చును. కాని తన వెనుక రాబోవు యాత్రికుడు త్రాగునీరు లేనిచోట దిగి ఇడుమల పాలు గాకూడదన్న తలంపే ఆ లెక్కలన్నిటికిని మూలము.

తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగ ఆయన నైజాము రాజ్యమున ప్రవేశించి హైదరాబాదు చేరెను. నాసిరుద్దౌలా గద్దె నెక్కి అప్పటికి ఏడాది మాత్రమే అయినది. వ్యవహారములన్నియు చందూలాలు చేతిలో నుండెను. ఒకవైపు నవాబు నగరము, మరియొకవైపు కుంపిణీ రెసిడెంటు భవనము, దండుబజారు. ఒకే ఊర రెండు అధికారములు, రెండు పద్ధతులు. కుంపిణీ న్యాయస్థానమున పనిచేసిన వీరాస్వామయ్యకు ఈ భేదము కొట్టవచ్చినట్లు కనబడెను.

హైదరాబాదు నుండి నాగపురమునకు పోవు బాట నిర్మల మీదుగ సాగును. వానలు పట్టిన గోదావరిని దాటి, కొయ్యబొమ్మలకు పేరుగన్న నిర్మలను చూచి, ఆదిలాబాదు సీమ అడవులలో ఆయన పరివారము ఉత్తరమునకు నడచెను. ఈనాడు మంచిర్యాల జిల్లాలోనున్న మందమర్రి, 2016 వరకు ఆదిలాబాదు జిల్లాకే చెందినది, ఆ బాటకు తూర్పున చాల దూరమున నున్నది. ఆ కాలమున ఆ ప్రాంతమంతయు టేకువనము. భూమి లోపల బొగ్గు ఉన్నది. కాని దానిని త్రవ్వుటకు గనులు లేవు, మోయుటకు రైలు లేదు. కాజీపేట నుండి బల్లార్ష వరకు ఇనుపదారి పూర్తియగుటకు ఇంకను నూరేండ్లు పట్టినది. గోండులు, కోలాములు, నాయకపోడ్లు ఆ యడవులలో తమ దైవములను, జాతరలను కాపాడుకొనుచు బ్రతుకుచుండిరి. చెన్నపట్టణపు కచేరీలలో జీవితము గడపిన మనుష్యునకు ఈ సీమ కాశికంటె తక్కువ దూరపు దేశము కాదు. తెలుగు వినబడు నేల ఎచట ముగియుచున్నదో, మహారాష్ట్రము ఎచట మొదలగుచున్నదో చెవితో పట్టవలసిన ఎల్ల ఇది. ఇట్టి గుర్తులను విడువకపోవుట దుబాసియగు ఆయనకు సహజమే.

నాగపురము, జబల్పూరు మీదుగ గంగాతీరమునకు పోవు బాట ఆనాడు భయస్థానము. బాటసారులతో స్నేహము నటించి, అదను చూచి, ఉరి బిగించి చంపు ఠగ్గులను పట్టుటకు జబల్పూరు కేంద్రముగా స్లీమన్ అను కుంపిణీ అధికారి ప్రయత్నములు సాగించినది ఆ 1830 ప్రాంతముననే. అట్టి దారిని నూరుమందితో దాటి గంగను చూచినప్పుడు యాత్రికులకు కలిగిన యూరట యెట్టిదో ఊహింపవచ్చును.

గంగాతీరమున ప్రయాణము రూపు మారినది. ఇంతవరకు బోయీల భుజములపై, కాలినడకపై సాగిన యాత్ర ఇపుడు పడవలపై సాగెను. ఆ కాలమున గంగపై పడవలు పలు తెరగులు. ఉన్నవారికి గదులుగల బజరాలు, సామానులకు వేరు పడవలు, వంటకు వేరొక పడవ. ప్రవాహము ననుసరించి పోవునపుడు తెడ్లతో పని సులువు. ఎదురు పోవలసివచ్చినచో పడవవారు గట్టు దిగి మోకులతో లాగవలెను. గాలి అనుకూలించిన చాప లెత్తుదురు. చీకటి పడకముందే గట్టున గూటములు పాతి పడవలను కట్టి, ఇసుకపై వంటలు చేసికొందురు. తెలుగు నదులకును గంగకును భేదమొకటి గలదు. గంగ ఒండ్రునేలను కోయుచు పోవును. నిన్న గట్టున్నచోట నేడు సుడిగుండ ముండును. నీటిలోతు తెలిసిన సరంగు మాటయే యాత్రికునకు వేదము.

ప్రయాగలో త్రివేణీసంగమము, కాశిలో విశ్వేశ్వరుడు, గయలో విష్ణుపాదము, ఈ మూడింటిని త్రిస్థలి యందురు. ఈ మూడుచోట్లను యాత్రికుని చేయి పట్టి నడపువారు వేరుగ నుందురు. ప్రయాగలో ప్రయాగవాలులు, కాశిలో గంగాపుత్రులు, గయలో గయావళులు. ఏ సీమ యాత్రికుడు వచ్చినను అతని పూర్వులలో ఎవరు ఎన్నడు వచ్చిరో చూపగల చిట్టాలు వారి యొద్ద నుండును. యాత్రికుడు దిగినది మొదలు స్నానము, సంకల్పము, పిండప్రదానము, దేవతాదర్శనము అన్నియు వారు చెప్పిన క్రమముననే. భాష తెలియని దేశమున వారే కన్నులు, వారే చెవులు. అందువలననే వారితో పేచీయు ఎక్కువ. దక్షిణ యెంత, ఎవరి హక్కు ఎవరిది, ఏ దానమునకు ఏది వెల యను వాదములు తీరమున నిత్యము. వీటిపై కుంపిణీ ప్రభుత్వము ప్రయాగ, గయ, జగన్నాథములలో యాత్రికులపై పన్ను వసూలు చేయుచుండెను. అది 1840లో గాని రద్దు కాలేదు. బీద యాత్రికుడు దేవుని చూచుటకు ముందు ఇందరిని చూడవలసి యుండెను.

కాశిలో యాత్రికులు ఒక్క దినమున పూర్తిచేయు పంచతీర్థయాత్ర ఆచారములో నున్నది. గంగ మైదానమున ఎక్కువగా తూర్పునకు పారును. కాశిలో ఉత్తరవాహిని. దక్షిణపు కొసనున్న అసీసంగమమున తెల్లవారుజామున స్నానముతో యాత్ర మొదలగును. అచటి నుండి పడవ ప్రవాహమున సాగి దశాశ్వమేధము చేరును. పిమ్మట ఉత్తరపు కొసను వరణానది కలియుచోట ఆదికేశవుని దర్శించి, ఎదురు ప్రవాహమున వెనుకకు వచ్చి పంచగంగలో మునిగి, తుదకు మణికర్ణికలో స్నానము చేసి విశ్వేశ్వర సన్నిధికి పోవుదురు. పడవలో కూర్చున్నవానికి ఆ యొక్క దినమున కాశియంతయు కన్నులముందు పటమువలె విప్పుకొనును. రాజులు కట్టించిన మెట్లు, సన్యాసుల మఠములు, కేదారఘట్టపు పరిసరముల దక్షిణాదివారి ఇండ్లు, పంచగంగపై ఔరంగజేబు మసీదుయొక్క ఎత్తైన స్తంభములు, మణికర్ణికలో ఆరని చితులు, వీటినన్నిటిని పడవవాడొక విధముగ, గంగాపుత్రుడొక విధముగ, తోడివచ్చిన కాశీవాసి తెలుగువాడొక విధముగ వివరింతురు.

నేడు కాశికి పోవువాడు చూచునదియు వీరాస్వామయ్య చూచినదియు ఒకటి కావు. విశ్వనాథాలయమును అహల్యాబాయి హోల్కరు 1780 ప్రాంతమున కట్టించినది. అనగా ఆ గుడియు వీరాస్వామయ్యయు ఇంచుమించు సమవయస్కులు. శిఖరముపై నేడు మెరయు బంగారము రణజిత్సింహుని కానుక. అది ఆయన వచ్చిపోయిన కొన్నేండ్లకు గాని చేరలేదు. గంగపై వంతెన లేదు. కాశిలో టంకశాల నడపుచు నగరజనమును లెక్కించి, ఘట్టముల చిత్రములను గీసిన జేమ్సు ప్రిన్సెపు ఆ 1830లోనే కలకత్తాకు మారెను. ఒకే నగరమును ఒకే కాలమున ఒక ఇంగ్లీషువాడు గీతలలోను, ఒక తెలుగువాడు మాటలలోను పట్టి యుంచిరి. వీరాస్వామయ్య దినచర్య లేకున్నచో ఆ కాలపు కాశిని గూర్చి మనకు పరదేశీయుని సాక్ష్యమే మిగిలెడిది.

వీరాస్వామయ్య భక్తుడు. చేయవలసిన కర్మలన్నియు శ్రద్ధతో చేసెను. పితృదేవతల ఋణము తీర్చుకొనుటకే బయలుదేరినవాడు దానిని తేలికచేయడు. అయినను వంగి నమస్కరించిన కన్నులే తిరిగి తలయెత్తి చుట్టును చూచెడివి. ఏ దేశపు ఆచారము తన దేశపు ఆచారమునకు భిన్నముగ నున్నను, ముందుగ అది యెట్టిదో వ్రాసెను, తరువాతనే యోచించెను. ఉత్తరదేశపు బ్రాహ్మణుల భోజనపద్ధతి, స్త్రీల వస్త్రధారణ, పండుగలు, పంటలు, కూలి, అధికారుల నడవడి, అన్నియు ఆయన కంటికి ఆనినవే. భక్తి చూపును మూసివేయవలసిన పని లేదనియు, చూపు భక్తిని చెరుపవలసిన పని లేదనియు ఆయన జీవితము నిరూపించినది.

గయలో శ్రాద్ధములు ముగించి, పాట్నా సీమ గడచి, వంగదేశమున ప్రవేశించి ఆయన కలకత్తా చేరెను. ఆ నగరము అప్పుడు కుంపిణీ రాజ్యమునకు రాజధాని. సహగమనమును నిషేధించు శాసనము 1829 డిసెంబరులో అచటనే వెలువడినది. రామమోహనరాయలు 1830 నవంబరులో అచటి నుండియే ఇంగ్లండుకు ఓడ యెక్కెను. పాతకాలము గంగాజలమున మునుగుచుండగా కొత్తకాలము అదే నది చివరను ఓడ దిగుచున్నది. ఈ రెండింటిని ఒకే యాత్రలో చూడగలుగుట ఆయన యదృష్టము. చూచి వ్రాయుట మన యదృష్టము.

కలకత్తా నుండి కటకము మీదుగ జగన్నాథమునకు పోయి, పిదప శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు సీమల గుండ దక్షిణమునకు నడచి, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన ఆయన చెన్నపట్టణము చేరెను. సామెత ఓడినది. కాశికి పోయినవాడు ఇంటికి వచ్చెను.

కాని ఆయన వచ్చిన త్రోవకే కొద్దికాలములో గొప్ప విపత్తు వచ్చినది. 1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను డొక్కల కరువు కబళించినది. ఆ జిల్లాలో అయిదు లక్షల జనమున లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు నశించిరని లెక్క. నందననామ సంవత్సరమున వచ్చినది గనుక నందన కరువనియు దానికి పేరు. వీరాస్వామయ్య 1831లో చూచి వ్రాసిన కోస్తా గ్రామములు, కరువునకు ముందటి గ్రామములు. ఏ యూర అంగళ్ళుండెనో, ఏ చెరువున నీరుండెనో ఆయన సామాన్యముగ వ్రాసిన వాక్యములు, కరువు గడచిన పిమ్మట చదువువారికి గుండె బరువెక్కించును. మజిలీల పట్టికగా మొదలైనది చరిత్రకు సాక్ష్యమైనది.

ఈ గ్రంథము మనకు దక్కిన తెరగును చెప్పుకొనవలసినదే. వీరాస్వామయ్య తాను గ్రంథకర్త నగుదునని బయలుదేరలేదు. చూచిన విశేషములను జాబులుగ తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెకు పంపుచుండెను. యాత్ర ముగిసిన అయిదేండ్లకు, 1836లో, వీరాస్వామయ్య కన్నుమూసెను. తన పుస్తకమును అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు లేకపోయెను. మిత్రుడు ఆ జాబులను పాతకాగితములుగ ఎంచక 1838లో అచ్చు వేయించెను. 1869లో రెండవసారి ముద్రణ జరిగినది. అటుపిమ్మట పుస్తకము మరుగునపడినది. దిగవల్లి వేంకట శివరావు దానిని మరల పరిష్కరించి 1941లో వెలువరించినందున తరువాతి తరములకు అందినది. ఒక మంచి పుస్తకము బ్రతుకుటకు వ్రాసినవాడొక్కడు చాలడు. దాచినవాడు, అచ్చు వేసినవాడు, మరచినపుడు జ్ఞాపకము చేసినవాడు ముగ్గురును కావలెను.

భాషావిషయమునను ఈ గ్రంథము ప్రత్యేకమైనది. ఆ కాలమున పండితులు వచనము వ్రాసినను పద్యపు బిగువును విడువలేదు. వీరాస్వామయ్య తాను మాటలాడు తెలుగునకు దగ్గరగ, కచేరీలలో వాడుకలోనున్న హిందుస్తానీ, ఇంగ్లీషు, అరవ పదములను సంకోచింపక కలిపి వ్రాసెను. గిడుగు రామమూర్తిపంతులు వ్యావహారికభాషకై పోరు సలుపుటకు ముప్పాతిక శతాబ్దమునకు ముందే, పోరు లేకుండ, అవసరమే గురువుగ, అట్టి తెలుగు నడచినది. మిత్రునకు వ్రాయు జాబులో ఎవడును ఆడంబరము చూపడు గదా.

వీరాస్వామయ్య జీవితమున యుద్ధములు లేవు, సింహాసనములు లేవు. ఉద్యోగి, గృహస్థుడు, యాత్రికుడు. ఆయనకు ముందును వెనుకను వేలకొలది తెలుగువారు అదే గంగలో మునిగిరి, అదే గంగాపుత్రుల వెంట అవే మెట్లెక్కిరి. వారందరి పుణ్యము వారివారికే చెందినది. ఈయన మాత్రము తన యాత్రాఫలములో అందరికిని పాలు పెట్టెను.

ఈ పని చేయుటకు అందరును కాశికే పోనక్కరలేదు. మందమర్రి చెంత బొక్కలగుట్ట సమీపమున గాంధారి ఖిల్లా కలదు. ఏటేట మాఘమాసమున నాయకపోడ్లు అచట గాంధారి మైసమ్మ జాతర జరుపుదురు. తరగతిని వెంటబెట్టుకొని పోయిన ఉపాధ్యాయుడు, ఆ గుట్టను ఎక్కించి దింపి ఇంటికి పంపిన చాలదు. ఆ జాతర చేయువారిలో పెద్దను ఒకనిని ప్రార్థించి, ఆయన చెప్పునది పిల్లలచే శ్రద్ధగ వినిపింపవలెను. విన్నదానికి ఒక మాట కలుపక, ఒక మాట తీయక, ఆ రాత్రియే దీపము ముందు కూర్చుండి వ్రాయుమనవలెను. నూరేండ్ల పిమ్మట ఆ కాగితము ఎవరి కంట పడునో, ఎంత విలువ గట్టునో నేడు చెప్పలేము. 1830లో పల్లకి దిగి డేరాలో కూర్చుండి, త్రోవలోని బావుల లెక్క వ్రాసికొన్న వీరాస్వామయ్యకును అది తెలియదు.